సొంతంగా వర్చువల్ టేబుల్‌టాప్ రాస్తున్నా: రూల్స్ ఎంతవరకు కోడ్‌లో పెట్టాలి?

పిడుగు_డి20

అందరికీ నమస్తే. మేం ఆరుగురం డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్ ఆడతాం. నలుగురు హైదరాబాద్, ఇద్దరు డాలస్. ఇన్నాళ్లూ వర్చువల్ టేబుల్‌టాప్ మీద, అంటే మ్యాపూ పాచికలూ ఆన్‌లైన్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ మీద, మొదట రోల్20, తర్వాత ఫౌండ్రీలో నడిపాం. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నా. "ఉన్నవి సరిపోవా?" అని అడగొద్దు ప్లీజ్. సరిపోతాయి. నాకు రాయాలని ఉంది, అంతే.

సర్వర్ నోడ్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, బ్రౌజర్‌లో బొమ్మలు గీయడానికి పిక్సీజేఎస్. మ్యాప్, టోకెన్లు (మ్యాప్ మీద పాత్రల బిళ్లలు), పాచికలు, చాట్ అయిపోయాయి. ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఔల్‌బేర్ రోడియో దారి: మ్యాప్ చూపించు, పాచిక దొర్లించు, మిగతాది మనుషులు చూసుకుంటారు. రెండోది ఫాంటసీ గ్రౌండ్స్ దారి: ఎవరు ఎవర్ని కొట్టారో చెబితే చాలు, తగిలిందా లేదా, ఎంత తగ్గించాలి, ఏ కండిషన్ (భయం లాంటి తాత్కాలిక ప్రభావం) ఎప్పుడు పోవాలి అన్నీ సాఫ్ట్‌వేరే చూస్తుంది.

మావాళ్లు రెండోదే కావాలంటున్నారు. కోడ్ రాయాల్సింది వాళ్లు కాదు కదా. ఆడించినవాళ్లు, ఇలాంటివి రాసినవాళ్లు ఏమంటారు?

డాలస్_డీఎమ్

నేను డీఎమ్‌ని, ఆడించే వైపు నుంచి చెప్తా. ఆటోమేషన్ అనగానే అందరూ దాడి, డ్యామేజ్ వరకే ఆలోచిస్తారు. అది తేలికే. డి20కి (20 ముఖాల పాచికకి) బోనస్ కలుపు, ఎదుటివాడి ఏసీతో (రక్షణ అంకెతో) పోల్చు, అయిపోయింది. అసలు తలనొప్పి రియాక్షన్లు, అంటే ఇంకొకరి టర్న్ మధ్యలో అడ్డుపడి చేసేవి.

షీల్డ్ మంత్రమే తీసుకోండి. గాబ్లిన్ దాడి 17 వచ్చింది, విజర్డ్ ఏసీ 15, తగిలింది. ఇప్పుడు విజర్డ్ షీల్డ్ వేయొచ్చు, ఏసీ 5 పెరుగుతుంది, అదే దాడికి కూడా వర్తిస్తుంది, కాబట్టి తప్పిపోయింది. అంటే మీ సాఫ్ట్‌వేర్ "తగిలింది" అని తేల్చాక, డ్యామేజ్ తీసేలోపు ఆగి, ఆ ఆటగాణ్ణి అడగాలి. ఆ టైంలో అతను టీ పెట్టుకోడానికి లేచాడనుకోండి. ఎంతసేపు ఆగుతుంది? ఆ షీల్డ్‌కి ఎదుటి మంత్రగాడు కౌంటర్‌స్పెల్ (మంత్రాన్ని ఆపే మంత్రం) వేస్తే? దాని మీద మనవాడు ఇంకో కౌంటర్‌స్పెల్ వేస్తే? టేబుల్ దగ్గర ఇదంతా రెండు అరుపుల్లో తేలిపోతుంది. కోడ్‌లో అయితే ఆగి ఆగి నడిచే స్టాక్ ఒకటి కట్టాలి.

పైగా ప్రతి దాడికీ "షీల్డ్ వేస్తావా?" అని పాపప్ వస్తే, ఆ పాపప్ చూసే మిగతావాళ్లకి దాడి తగిలిందని ముందే తెలిసిపోతుంది. నా ఓటు మొదటి దారికే.

బ్యాకెండ్_బాబాయ్

రూల్స్ సంగతి తర్వాత. ముందు సింక్ ఎలా చేశావో చెప్పు తమ్ముడూ. హెచ్‌పీ (మిగిలిన ప్రాణం అంకె) మార్చినప్పుడు బ్రౌజర్ నుంచి కొత్త విలువ పంపుతున్నావా, తేడా పంపుతున్నావా?

పిడుగు_డి20

కొత్త విలువే బాబాయ్. "టోకెన్ ఫలానా, హెచ్‌పీ 15" అని.

బ్యాకెండ్_బాబాయ్

అదే అనుకున్నా. ఓగర్‌కి హెచ్‌పీ 22 ఉంది. రోగ్ 7 కొట్టాడు, ఫైటర్ 9 కొట్టాడు, ఇద్దరూ ఒకేసారి నొక్కారు. ఇద్దరి స్క్రీన్ మీదా 22 ఉంది కాబట్టి ఒకరు 15 అని పంపుతారు, ఒకరు 13 అని. ఆఖర్న వచ్చిందే మిగులుతుంది. ఉండాల్సింది 6. హైదరాబాద్‌లో నలుగురూ పక్కపక్కన ఆడితే ఇది కనిపించదు. డాలస్‌కీ ముంబై సర్వర్‌కీ మధ్య పావు సెకను పోయొస్తుంది చూడు, అక్కడ బయటపడుతుంది. "7 తగ్గించు" అని పంపు, లెక్క సర్వర్‌ని చేయనీ.

టోకెన్ జరపడానికి ఈ బాధ లేదు. అక్కడ ఆఖరి మాట చెల్లితే చాలు, ఇద్దరు ఒకే టోకెన్ లాగడం అరుదు. లాగుతున్నంతసేపు వచ్చే కదలికలు డేటాబేస్‌కి రాయకు. సాకెట్ మీద పంచిపెట్టు, వేలు తీశాక ఒక్కసారి రాయి. తన టోకెన్ తన స్క్రీన్ మీద వెంటనే కదలాలి, సర్వర్ ఒప్పుకోకపోతే వెనక్కి లాగు. గోడ దాటాడా లేదా అన్నది సర్వర్ చూసుకుంటుంది.

ఈ రెండు రకాల సమాచారాన్నీ మొదటి రోజు నుంచీ విడదీసి పెట్టు. ఫౌండ్రీ వాళ్లు ఏళ్లపాటు ఎన్ఈడీబీ అనే చిన్న డేటాబేస్ మీద నడిపి, 2023లో వీ11 దగ్గర లెవెల్‌డీబీ అనే ఇంకో డేటాబేస్‌కి మారారు. చిన్న ప్రపంచానికి ఎన్ఈడీబీ హాయి: ఒక్క ఫైలు, వరుసకో రికార్డు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. కానీ అంతా మెమరీలోకి ఎక్కాలి. మారాక వేగం వచ్చింది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సరిచేసుకునే సుఖం పోయింది.

ఓరుగల్లు_ఆర్క్

రూల్స్ గీల్స్ తర్వాత గానీ అన్నా, నువ్వు దీన్ని ఎక్కడ నడుపుతవ్? ఎవరింట్ల వాళ్లు నడుపుకునేటట్టా, నువ్వే సర్వర్ పెడతవా?

ఫౌండ్రీ గురించి అందరు ఏమంటరు, ఒక్కసారి 50 డాలర్లు కట్టు, డీఎమ్ ఒక్కడు కొంటే చాలు, ఆడేటోళ్లకు బ్రౌజర్ ఉంటే అయిపాయె, నెలనెలా చందా లేదు అని. నిజమే. కానీ మా ఇంట్ల ఫైబర్ కనెక్షన్‌కి సొంత ఐపీ ఉండదు. ఒకే ఐపీ చాలా ఇండ్లకు పంచుతరు. రౌటర్ల 30000 పోర్ట్ తెరిచి పెట్టిన, బయటోనికి రాదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "రౌటర్ రీస్టార్ట్ చేయండి" అంటరు. ఐపీవీ6 ఉంటది గానీ ఆ పక్కోనికి కూడ ఉండాలె గదా. ఆఖరికి టన్నెల్ పెట్టుకున్న. మా గ్రూపుల అది అర్థమయ్యేటోన్ని నేనొక్కన్నే.

గందుకే, "సెల్ఫ్ హోస్ట్ ఉచితం" అన్నప్పుడు ఎవరి టైంల ఉచితమో జర ఆలోచించు.

మాడ్యూల్_మేస్త్రి

పైన ఎవరూ ఎత్తని సంగతి: ప్లగిన్లు. రూల్స్ ఎంతవరకు అన్న ప్రశ్నకి చాలామంది తెలివిగా ఇచ్చే సమాధానం "కోర్ చిన్నగా ఉంచి, మిగతాది మాడ్యూల్స్‌కి వదిలెయ్". వినడానికి బాగుంటుంది. నేను ఫౌండ్రీకి మాడ్యూల్స్ రాస్తాను, దాని ధర ఏమిటో చెప్తా.

ఫౌండ్రీలో మాడ్యూల్ అంటే బ్రౌజర్ పేజీలోనే నడిచే జావాస్క్రిప్ట్. దేన్నైనా పట్టుకోవచ్చు, దేన్నైనా మార్చొచ్చు. అందుకే అంత గొప్ప మాడ్యూల్స్ వచ్చాయి. అందుకే కోర్‌లో ఏది కదిలినా ఎవరిదో ఒకటి విరుగుతుంది. 2022లో వీ10 వచ్చినప్పుడు డేటా అమరికని చదును చేశారు. అంతకుముందు హెచ్‌పీ కావాలంటే "యాక్టర్ డాట్ డేటా డాట్ డేటా డాట్ యాట్రిబ్యూట్స్" అని రాయాలి. ఔను, డేటా లోపల డేటా. దాన్ని "యాక్టర్ డాట్ సిస్టమ్" చేశారు. చాలా మంచి మార్పు, అందరూ కోరుకున్నదే. పాత దారి రెండు వెర్షన్ల పాటు హెచ్చరికలతో పనిచేసేలా కూడా ఉంచారు. అయినా సరే, రచయిత వదిలేసి వెళ్లిపోయిన మాడ్యూల్స్ ఎన్నో అక్కడే ఆగిపోయాయి. ఆటగాళ్లకి "ఇది రచయిత సమస్య" అని తెలియదు, వాళ్లకి కనిపించేది ఫౌండ్రీ చెడిపోయిందని.

రోల్20 ఇంకో వైపు వెళ్లింది. అక్కడ స్క్రిప్టులు సర్వర్ మీద గిరి గీసిన శాండ్‌బాక్స్‌లో నడుస్తాయి, చాలా ఏళ్లు ప్రో చందా కట్టినవాళ్లకే. ముట్టుకోగలిగేది తక్కువ. పదేళ్ల నాటి స్క్రిప్టులు ఇంకా నడుస్తున్నాయంటే కారణం అదే. క్యారెక్టర్ షీట్లు హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్ఎస్‌లో ఎవరైనా రాసి ఇవ్వొచ్చు, దానివల్లే ఎవరూ వినని ఆటలకి కూడా అక్కడ షీట్ దొరుకుతుంది. ఫాంటసీ గ్రౌండ్స్ 2004 నుంచీ ఉంది, ఎక్స్‌ఎమ్‌ఎల్, లువా మీద నడుస్తుంది, దాని లోకం దానిది.

నా సలహా: ప్లగిన్‌కి నీ లోపలి వస్తువులు చేతికివ్వకు. "దాడి జరగబోతోంది", "డ్యామేజ్ పడింది" లాంటి పదిపన్నెండు ఈవెంట్లు, వాటితో పాటు వెళ్లే డేటా. అంతవరకే మాట ఇవ్వు. జనం తిడతారు, ఇంకా కావాలంటారు. ఇవ్వడం ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చింది వెనక్కి తీసుకోలేవు.

కొత్త_పలాడిన్

అన్నయ్యా, అసలు 2డీ ఎందుకు? త్రీజేఎస్ ఉంది కదా, 3డీ పెట్టండి, అదిరిపోతుంది. మా కాలేజీలో అందరం వాడతాం.

డాలస్_డీఎమ్

@కొత్త_పలాడిన్ ఆడించేవాడు ప్రతి వారం ఆ 3డీ గదులు కట్టాలి తమ్ముడూ. నేను శుక్రవారం రాత్రి ఏదో మ్యాప్ బొమ్మ దింపుకుని, దానిమీద గీతలు గీసి శనివారం ఆడించేస్తా. ఆటగాళ్లు సత్రం వదిలి మురుగుకాల్వలోకి దూరితే తెల్లకాగితం తెరిచి నాలుగు గీతలు గీస్తా. 3డీలో మురుగుకాల్వ అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తేను?

డబ్బున్నవాళ్లే తట్టుకోలేకపోయారు. డీ అండ్ డీ తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లు సిజిల్ అనే 3డీ టేబుల్‌టాప్‌ని అన్‌రియల్ ఇంజిన్ 5 మీద కట్టారు. 2022లో చూపించారు, 2025 ఫిబ్రవరిలో వదిలారు, మరుసటి నెలే ఆ టీంలో చాలామందిని తీసేశారు. ఈలోగా అదే సంస్థ తన సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో మ్యాప్స్ అని మామూలు 2డీ పనిముట్టు పెట్టింది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. నేను వారం వారం తెరిచేది దాన్నే.

గ్రాఫిక్స్_గోదారి

2డీ అయినంత మాత్రాన తేలికేం కాదండోయ్. పిడుగు గారూ, మీ మ్యాప్ సైజెంత పెట్టారు?

పిడుగు_డి20

పరిమితి ఏమీ పెట్టలేదండీ. అప్‌లోడ్ 20 ఎంబీ లోపు ఉండాలని మాత్రం పెట్టాను.

గ్రాఫిక్స్_గోదారి

అక్కడే ఉందండి. ఫైలు ఎన్ని ఎంబీ అన్నది డౌన్‌లోడ్‌కే లెక్క. గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్లేటప్పుడు వెబ్‌పీ అయినా పీఎన్‌జీ అయినా విప్పేసి, పిక్సెల్‌కి నాలుగు బైట్లు పెట్టుకుంటుంది. 8192 బై 8192 మ్యాప్ వెబ్‌పీలో 6 ఎంబీ ఉండొచ్చు. కార్డులో 256 ఎంబీ తింటుందండి. మిప్‌మ్యాప్స్ (జూమ్ తగ్గించినప్పుడు వాడే చిన్న కాపీలు) పెడితే ఇంకో మూడోవంతు. 4096కి దింపితే 64తో పోతుంది. మీ హైదరాబాద్ ఫ్రెండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ కూడా పెట్టుకుని ఆడతాడు కదా, అక్కడ ఆగిపోయేది ఇందుకే. ఫోన్లలో అయితే కొన్ని 4096 దాటితే అసలు తీసుకోవు, మ్యాప్ ఉండాల్సిన చోట నల్లగా కనిపిస్తుంది. పెద్ద మ్యాప్ కావాలంటే ముక్కలు చేసి, కనిపించే ముక్కలే ఎక్కించండి.

వెలుతురు సంగతి కూడా చెప్తాను. ఒక టోకెన్ ఏం చూస్తుందో లెక్కకట్టడానికి దాని చుట్టూ ప్రతి గోడ కొసకీ కిరణం వేసి, కోణం ప్రకారం వరుసలో పెట్టి, ఒక బహుభుజి గీస్తాం. గోడలు పెరిగేకొద్దీ పని కొంచెం ఎక్కువగానే పెరుగుతుంది గానీ భరించొచ్చు. ఖర్మ ఏమిటంటే, మ్యాపులు చేసేవాళ్లు గుహ అంచుని మౌస్‌తో గీకేస్తారు. ఒక్క బండరాయికి నలభై గోడలు! దాన్ని ఎనిమిదికి తగ్గిస్తే చూసేవాడికి తేడా తెలియదు. అప్‌లోడ్ అప్పుడే గీతలు సరళం చేసే బటన్ ఒకటి పెట్టండి. షేడర్ తెలివితేటల కంటే అదే ఎక్కువ ఆదా చేస్తుందండి.

టోకెన్ లాగుతున్నప్పుడు ప్రతి ఫ్రేముకీ చూపు లెక్కకట్టాలా, వదిలాక ఒకేసారా అన్నది ఇంకో బేరం. ప్రతి ఫ్రేముకీ పెడితే అందంగా ఉంటుంది, కానీ కొంటె ఆటగాడు టోకెన్‌ని తలుపు సందులోంచి అటూ ఇటూ లాగి గదంతా చూసేసి మళ్లీ వెనక్కి పెట్టేస్తాడు.

తాళంచెవి

ఆ కొంటెవాడికి అంత కష్టం కూడా అక్కర్లేదు. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే మ్యాప్ బొమ్మ మొత్తం అక్కడే ఉంటుంది. చీకటి కమ్మేది బ్రౌజర్‌లో కాబట్టి, చీకటి కిందున్నదంతా బ్రౌజర్‌కి పంపాల్సిందే. దాచిన టోకెన్లు కూడా చాలా వాటిలో క్లయింట్‌కి వెళ్తాయి, గీయరు అంతే.

పూర్తిగా మూయాలంటే చూపు సర్వర్‌లో లెక్కకట్టి, ఎవరికి కనిపించే ముక్కలు వాళ్లకే పంపాలి. సర్వర్ ఖర్చు పెరుగుతుంది, తలుపు తెరిచిన ప్రతిసారీ పావు సెకను చీకటి. స్నేహితుల మధ్య ఆటకి అది అనవసరం. నేనైతే మధ్యలో ఆగుతాను: డీఎమ్ దాచిన టోకెన్లు, డీఎమ్ నోట్సు మాత్రం సర్వర్ దగ్గరే ఆపెయ్యండి. అది ఒక ఫిల్టర్, పెద్ద పనేం కాదు. గోడలు, మ్యాప్ పోనివ్వండి.

పాచికలు మాత్రం సర్వర్‌లోనే దొర్లించండి. బ్రౌజర్‌లో దొర్లిస్తే మ్యాథ్ రాండమ్‌ని ఒక్క లైన్‌తో మార్చేసి రోజంతా 20లు వేసుకోవచ్చు. ఇంకోటి, నోడ్ క్రిప్టో నుంచి ఒక బైటు తీసుకుని 20తో భాగించి శేషం వాడేవాళ్లని చాలామందిని చూశాను. 256లో 20 పన్నెండుసార్లు పోయి 16 మిగులుతుంది. అందువల్ల 1 నుంచి 16 దాకా ఒక్కోదానికి 13 అవకాశాలు, 17 నుంచి 20 దాకా 12 చొప్పున. అంటే క్రిటికల్ (20 పడటం) 5 శాతం బదులు 4.69 శాతమే పడుతుంది. 240 దాటిన బైటు వస్తే పారేసి ఇంకోటి తీసుకుంటే సరి. లేదా నోడ్‌లోని రాండమ్‌ఇంట్ వాడండి, ఆ పని అదే చూసుకుంటుంది.

ఓరుగల్లు_ఆర్క్

240 దాటితేనా, 240 నుంచా? 0 నుంచి లెక్క గదా అన్నా.

తాళంచెవి

240 నుంచి. 0 నుంచి 239 వరకు ఉంచుకోవాలి. థాంక్స్.

అక్షరమాల

ఇది కొంచెం పక్కకి పోయే విషయం, కానీ మీ గ్రూపుకి పనికొస్తుంది. టోకెన్ల కింద పేర్లు తెలుగులో రాస్తారా? పిక్సీలో వేగం కోసమని బిట్‌మ్యాప్ టెక్స్ట్ వాడకండి. అది ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకుని వరుసగా అతికిస్తుంది. ఇంగ్లీషుకి చాలు. "బ్రహ్మరాక్షసుడు" అని రాస్తే రావత్తు, మావత్తు, షావత్తు వేటికవే విడిపోయి, మధ్యలో పొల్లులతో కనిపిస్తాయి. మామూలు టెక్స్ట్ వాడితే బ్రౌజరే అక్షరాలు కూర్చి క్యాన్వాస్ మీద గీస్తుంది, ఒత్తులు సరిగ్గా వస్తాయి. జూమ్ చేసిన ప్రతిసారీ మళ్లీ గీయాలి కాబట్టి కొంచెం నెమ్మది. ముప్ఫై టోకెన్లకి ఏం తెలియదు. ఫాంట్ దిగేవరకు ఆగి గీయండి, లేకపోతే మొదటిసారి డబ్బాలు కనిపిస్తాయి. ఒత్తుల కోసం లైన్ ఎత్తు కూడా పెంచుకోవాలి, కింద తెగిపోతాయి.

పాత్‌ఫైండర్_పిచ్చోడు

డాలస్ గారి మాటతో నేను ఏకీభవించను. ఐదో ఎడిషన్‌లో లెక్కలు తక్కువ కాబట్టి "మనుషులు చూసుకుంటారు" అంటే చెల్లింది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడి చూడండి. స్టేటస్ బోనస్, సర్కమ్‌స్టాన్స్ బోనస్, ఐటెమ్ బోనస్ వేరువేరు. ఒకే రకానివి రెండుంటే పెద్దదే లెక్క. డీసీ (దాటాల్సిన అంకె) కంటే 10 లేదా ఇంకా ఎక్కువ వస్తే క్రిటికల్, 10 లేదా ఇంకా తక్కువైతే క్రిటికల్ ఫెయిల్. ఫ్రైటెన్డ్ 2 అంటే చెక్కులన్నింటిలో 2 పోతుంది, ఏసీలో కూడా పోతుంది, టర్న్ చివర 1కి దిగుతుంది. ఐదుగురు ఆటగాళ్లు, ఆరు రాక్షసులు, ఒక్కోరి మీద మూడు కండిషన్లు. కాగితం మీద మా గ్రూపులో ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ ఒక్కటి మర్చిపోతారు, క్రిటికల్ కాస్తా మామూలు దెబ్బ అయిపోతుంది.

ఫౌండ్రీలో పీఎఫ్2ఈ (ఈ పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్) సిస్టమ్ వాలంటీర్లు రాసిందే, అది ఇవన్నీ కలుపుకుని, ఏ బోనస్ ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూపిస్తుంది. ఆ ఆటకి చాలామంది ఫౌండ్రీ వల్లే వచ్చారని నా గట్టి నమ్మకం. ఆటోమేషన్ ఆటని చంపుతుందని అనేవాళ్లు ఒక్కసారి అది చూడాలి.

డాలస్_డీఎమ్

ఒప్పుకుంటా, ఆ ఆటకి లెక్క కావాలి. కానీ మీరు చెప్పినవన్నీ కూడికలు, తీసివేతలు, టర్న్ చివర దిగే అంకెలు. ఎవరినీ ఆపి అడగక్కర్లేదు. నేను భయపడేది మధ్యలో మనిషి నిర్ణయం కావాల్సిన చోట్ల. ఇంకోటి, డీఎమ్ "ఈసారికి తగిలిందనుకుందాం, షాండిలియర్ మీంచి దూకాడు కదా" అన్నప్పుడు సాఫ్ట్‌వేర్ అడ్డం పడకూడదు. ఫౌండ్రీలో కూడా మాడ్యూల్స్ బాగా ఎక్కించిన టేబుల్స్ చూశా. ఒక కండిషన్ తప్పుగా అంటుకుంటే దాన్ని తీయడానికి నాలుగు విండోలు తెరుస్తూ ఉంటారు, ఈలోపు ఆట చల్లారిపోతుంది.

మాడ్యూల్_మేస్త్రి

అదిగో, గీత అక్కడ గీయొచ్చు. అంకెలు కలపడం, దిగడం కోడ్‌ది. ఎవరినైనా అడగాల్సి వస్తే కోడ్ ఆగిపోకుండా చాట్‌లో "తగిలింది, 9 డ్యామేజ్" అని కార్డు వేసి, పక్కన "వేయి", "సగం", "వదిలెయ్" బటన్లు పెట్టాలి. షీల్డ్ వేయాలనుకున్నవాడు నోటితో చెబుతాడు, డీఎమ్ "వదిలెయ్" నొక్కుతాడు. ఫైర్‌బాల్‌కి కూడా అంతే: 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) ఒక్కసారి దొర్లించి, ఎవరు సేవ్ అయ్యారో (తప్పించుకునే పాచిక గెలిచారో) వాళ్లకి "సగం".

బ్యాకెండ్_బాబాయ్

"వెనక్కి తీయి" కూడా ఉండాలి ఆ కార్డు మీద. నేను ముందు చెప్పిన తేడాల పద్ధతి ఇక్కడ కలిసొస్తుంది. "ఓగర్‌కి మైనస్ 9" అని లాగ్‌లో ఉంటే వెనక్కి తీయడం అంటే ప్లస్ 9 రాయడమే. మధ్యలో ఇంకెవరో ఇంకో 4 కొట్టినా పాడవదు. విలువలు దాచుకుంటే పాత విలువకి వెనక్కి వెళ్లినప్పుడు ఆ 4 కూడా మాయమవుతుంది. ఒక్క జాగ్రత్త: హెచ్‌పీ సున్నా దగ్గర ఆగుతుంది కాబట్టి 6 ఉన్నవాడికి 9 తగిలితే, లాగ్‌లో నిజంగా తగ్గిన 6 కూడా రాసిపెట్టు.

లాగ్ పెరిగిపోతుందని భయపడకు. సెషన్ అయిపోయాక అప్పటి స్థితి ఒక స్నాప్‌షాట్ తీసి, పాత సెషన్ల లాగ్ పక్కన పడెయ్.

అక్షరమాల

రూల్స్ పెడుతున్నారు కాబట్టి లైసెన్సు కూడా చూసుకోండి. 2023 జనవరిలో ఓజీఎల్ గొడవ గుర్తుందిగా, డీ అండ్ డీ రూల్స్ వాడుకునే లైసెన్సుని విజార్డ్స్ వాళ్లు మార్చబోయారు. ఆ ముసాయిదాతో పాటు వచ్చిన వర్చువల్ టేబుల్‌టాప్ పాలసీలో మ్యాజిక్ మిస్సైల్ దూసుకెళ్లే యానిమేషన్ పెడితే అది టేబుల్ అనుభవం కాదు, వీడియో గేమ్ లాంటిది అన్నారు. అంటే ఏ ఫీచర్ పెట్టాలో లైసెన్సు తేలుస్తుందన్నమాట! జనం మండిపడ్డారు, ఆ నెలాఖరుకే ఎస్ఆర్‌డీ 5.1ని (అందరూ వాడుకోగల రూల్స్ పత్రాన్ని) క్రియేటివ్ కామన్స్ బై 4.0 కింద ఇచ్చేశారు. 2025లో 5.2 కూడా అలాగే వచ్చింది. అందులో ఉన్న మంత్రాలు, రాక్షసుల్ని ఎవరివో పేరు పేర్కొని వాడుకోవచ్చు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ స్టాట్ బ్లాకులు (ఆ రాక్షసుల అంకెల పట్టికలు) అందులో లేవు, వాటిని మీ సర్వర్‌లో ముందే పెట్టి పదిమందికి పంచకండి. ఆటగాళ్లు తమ పుస్తకం చూసి టైపు చేసుకునే ఖాళీ ఫారం ఇవ్వండి.

పిడుగు_డి20

అందరికీ చాలా థాంక్స్. ఇలా వెళ్తున్నా. హెచ్‌పీ తేడాలుగా, లాగ్‌తో. దాడి, సేవ్, కూడికలు సర్వర్‌లో. రియాక్షన్లు ఏవీ కోడ్‌లో ఉండవు, మేస్త్రి గారు చెప్పిన కార్డూ బటన్లే. మావాళ్లు గొణుగుతారు, పర్లేదు. మ్యాప్ 4096కి కుదించి తీసుకుంటా, ముక్కల పని తర్వాత. ప్లగిన్లు ఇప్పటికి లేవు. సర్వర్ నేనే ముంబైలో పెడతా, ఎవరింట్లోనూ పోర్టులు తెరవక్కర్లేదు.

ఒక్కటి తేలలేదు: వెనక్కి తీయడం డీఎమ్‌కి మాత్రమే ఇవ్వాలా, ఆటగాళ్లకి కూడానా?

డాలస్_డీఎమ్

తను చేసింది తను తీసుకోవచ్చు, తర్వాతివాడి టర్న్ మొదలయ్యేవరకు. ఆ తర్వాత డీఎమ్ మాత్రమే. తీసినప్పుడు చాట్‌లో అందరికీ కనిపించాలి.

ఓరుగల్లు_ఆర్క్

గది మంచిగున్నది. నడిచినాక లింక్ ఇక్కడ పెట్టు అన్నా, మా ఇంటి నెట్ మీద, ఫోన్ హాట్‌స్పాట్ మీద రెండిట్ల చూసి చెప్త. సాకెట్ తెగి మళ్ల అతుక్కున్నప్పుడు నడుమల పోయిన ఈవెంట్లు లాగ్ నుంచి తెచ్చుకునేటట్టు చేసినవా?

పిడుగు_డి20

ఇంకా లేదు. ఈ వారం దానిమీదే కూర్చుంటా. ఈవెంట్లకి వరుస నంబర్లున్నాయి కాబట్టి "నాకు 412 దాకా వచ్చాయి, మిగతావి పంపు" అని అడిగితే సరిపోవాలి.